శబ్దం రాసి పంపు

కోలి,
9 అక్టోబరు 1993

తైస్తో అన్నయ్యకి,

బాగున్నావా అని అడగను. అడిగితే "బాగానే ఉన్నా" అని ఒక్క ముక్క రాస్తావు, దానికో స్టాంపు దండగ. నేరుగా విషయానికి వస్తా.

నాకు ఉద్యోగం వచ్చింది! సరస్సు అవతలి ఒడ్డున తొమ్మిది ఇళ్లు. ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లకు వండిపెట్టి, స్నానం చేయించి, మందులిచ్చి రావాలి. మా ఆయన ఒస్మోకి వడ్రంగం పని పోయి ఏడాదిన్నర అయిందని నీకు తెలుసు. దేశంలో ఎవరిని కదిపినా పని లేదనే ఏడుపే. ఇలాంటప్పుడు మునిసిపాలిటీవాళ్లు పిలిచి ఇచ్చారంటే నేనే నమ్మలేకపోయాను. షరతు ఒక్కటే. సొంత కారు ఉండాలి, మార్చి ఆఖర్లో ఏటేటా జరిగే తనిఖీలో అది నెగ్గాలి. నెగ్గకపోతే నా చోటికి ఇంకొకరు వస్తారు.

కారైతే ఉంది. నాన్న కొన్న ఆ పచ్చ బండే. ఇరవై ఏళ్లు నిండాయి కాబట్టి ఒస్మో దాన్ని "తాత" అంటున్నాడు. పట్నంలో గ్యారేజీ అతను తాతని చూడగానే చేతులు తుడుచుకున్నాడు. "దీన్ని బాగు చేయించడం కన్నా పాతిపెట్టించడం చవకమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నువ్వు పొరుగు దేశం పోకముందు, ఊళ్లో మెకానిక్‌గా ఉన్నన్నాళ్లూ దాన్ని ఇంకెవరి చెయ్యీ తాకలేదు. అందుకే ఇన్నేళ్లు బతికింది.

ఇప్పటి జబ్బు ఇదీ. పొద్దున స్టార్టు చేయగానే పందిపిల్ల తోక తొక్కినట్టు కీచుమంటుంది. పది నిమిషాలకి దానంతటదే ఊరుకుంటుంది. నీకు ఫోన్ చేస్తే ఎప్పుడూ ఎంగేజే. ఏం చెయ్యమంటావు?

సిర్కా


గోథెన్‌బర్గ్,
17 అక్టోబరు

చెల్లాయికి,

పందిపిల్ల బాగుంది. ఆ ఒక్క ముక్కతో జబ్బు తెలిసిపోయింది. ఫ్యాన్ బెల్టు వదులైంది. డైనమో కింద బోల్టు ఉంటుంది, దాన్ని వదులు చేసి, డైనమోని బయటికి లాగి పట్టుకుని మళ్లీ బిగించు. బెల్టుని బొటనవేలితో నొక్కితే ఒక వేలి మందం దిగాలి. అంతకన్నా బిగించావంటే వాటర్ పంపు బేరింగు చస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకో.

ఇంకో మాట. ఇంజను వేడెక్కి ముల్లు ఎర్ర గీత తాకిందనుకో, కంగారు పడకుండా లోపలి హీటరు మొత్తం తిప్పి కిటికీలు దించు. నీకు చెమటలు పడితే పట్టనీ, ఇంజను బతుకుతుంది.

ఫోన్ చేయకు. ఫ్యాక్టరీ వసతిగృహంలో ఫోన్ ఒక్కటే, దాని దగ్గర ఎప్పుడూ పదిమంది. ఉత్తరమే రాయి. నాన్న పెట్టెలో పొడుగాటి స్క్రూడ్రైవర్ ఉంది. మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి పెట్టుకో. లోపలి శబ్దం వినబడుతుంది. అది దేనిలా ఉందో రాసి పంపు. మందు నేను చెబుతా. తాతని పాతిపెట్టమన్నవాడికి నా దండాలు చెప్పు.

తైస్తో


కోలి,
14 నవంబరు

అన్నయ్యా,

పందిపిల్ల పోయింది. నా చేతులతో నేనే బిగించాను! ఒస్మో మెట్ల మీద నిలబడి కాఫీ తాగుతూ, "ఆ పానా అలా కాదే, ఇలా పట్టుకోవాలి" అని పాఠాలు చెప్పాడు. "నీకంత తెలిస్తే దిగి రావయ్యా" అన్నా. లోపలికి పోయాడు.

ఇప్పుడు కొత్త జబ్బు. తడి మంచు పడ్డ రోజున తాత లేవడు. తాళం తిప్పితే ముసలాడు కఫం ఉమ్మబోయి ఉమ్మలేనట్టు ఖళ్ ఖళ్ అంటాడు, అంతే. మొన్న మూడోసారి అలా చేసేసరికి అయిదు ఇళ్లవాళ్లు పస్తు. నా తొమ్మిది ఇళ్లలో హిల్యా ముసలావిడ లేదూ, ఎనభై తొమ్మిదేళ్లు, "నీ కారు ముందు పోతుందో నేను ముందు పోతానో పందెం వేద్దామా" అంటుంది. నేను కారు మీదే కాశాను.

సిర్కా


గోథెన్‌బర్గ్,
22 నవంబరు

సిర్కా,

తడి చేరింది. స్పార్క్ ప్లగ్గులూ, డిస్ట్రిబ్యూటర్ మూతా విప్పి ఓవెన్‌లో సన్నని వేడి మీద ఆరబెట్టు. రోజూ రాత్రి ఇంజను హీటరు వైరు పెరట్లో కరెంటు స్తంభానికి తగిలించి ఇంజనుని వెచ్చగా ఉంచు. ఉదయం బయలుదేరే ముందు వైరు పీకడం మరిచిపోకు, నీ తెలివి నాకు తెలుసు.

క్రిస్మస్‌కి వస్తున్నా.

తైస్తో


కోలి,
5 జనవరి 1994

మహానుభావుడైన అన్నయ్యకి,

"నీ తెలివి నాకు తెలుసు" అన్న మనిషి ఎవరు? పండగ మర్నాడు పాలకి బయలుదేరి వైరు పీకకుండా బండి తోలిన మనిషి ఎవరు? స్తంభం పక్కకి ఒరిగిపోయింది. వైరు తోకలా వెనక ఈడ్చుకుంటూ పోయావు. నేనూ ఒస్మో మెట్ల మీంచి గొంతులు చించుకుని అరిస్తే, ఊరేగింపులో దొరబాబులాగా చెయ్యి ఊపావు! ఇప్పుడు ఊరంతా నిన్ను "దొరబాబు" అనే పిలుస్తోంది. స్తంభాన్ని ఒస్మో నిలబెట్టాడు. పనిలో పనిగా నాలుగు పాటలు పాడాడు. ఆర్నెల్ల తర్వాత అతని నోట పాట విన్నాను, కాబట్టి నిన్ను క్షమించేశా.

ప్లగ్గులు ఓవెన్‌లో ఆరబెడుతున్నా. పై అరలో రై పిండి అప్పాలు, కింది అరలో ప్లగ్గులు. హిల్యా ముసలావిడ అప్పం కొరికి, "ఇందులో పెట్రోలు వేశావా" అంది. అయినా మూడు తింది.

కొత్త శబ్దం మొదలైంది. ఈసారి మాత్రం రాయను, నా ఓపిక అయిపోయింది. పదహారో తేదీ ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి ఫోన్ దగ్గర ఉండు. ఒస్మో కిటికీ కింద బండి స్టార్టు చేస్తాడు, నేను రిసీవరు కిటికీలోంచి బయట పెడతా. నీ చెవితో నువ్వే విను.

సిర్కా


గోథెన్‌బర్గ్,
20 జనవరి

సిర్కా,

ఫోన్‌లో విన్నా. బెల్టే. మళ్లీ వదులైంది. ఇంకో రెండు చుట్లు బిగించు, సరిపోతుంది.

ఇక్కడ పని బాగానే ఉంది.

తైస్తో


కోలి,
8 ఫిబ్రవరి

తైస్తోకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. రెండు చుట్లు. బొటనవేలితో నొక్కి చూస్తే గోరంత కూడా దిగలేదు. వేలి మందం దిగాలని అక్టోబరులో రాసిందీ నువ్వే, బిగించమని జనవరిలో రాసిందీ నువ్వే. మా అన్న చెవితో విని చెప్పాడు కదా అనుకున్నా.

పోయిన వారం గడ్డకట్టిన సరస్సు మీద మంచుబాట తెరిచారు. చుట్టూ తిరిగితే గంట పైన పట్టేది, దాని మీదుగా అయితే ఏడు కిలోమీటర్లే. దాని రూలు నీకు నేను చెప్పాలా? మంచు విరిగితే దూకేందుకు సీటుబెల్టు తీసెయ్యాలి, ముందు కారుకి దూరంగా ఉండాలి, ఏం జరిగినా మధ్యలో ఆగకూడదు. నిన్న పదకొండింటికి, వెనక సీట్లో తొమ్మిది ఇళ్ల భోజనంతో, సరిగ్గా సరస్సు నడుమ, బానెట్ లోంచి ఆవిరి కమ్మేసింది. బెల్టు తెగి చప్పుడైంది. ముల్లు ఎర్ర గీత దాటింది.

ఆపాను. ఆపక ఏం చేస్తాను? దిగి నిలబడితే కాళ్ల కింద మంచు పొడవునా పాట అందుకుంది. అది గట్టి మంచు పాడే పాటే అని నాకు తెలుసు. నాన్న చిన్నప్పుడు చెప్పాడు కదా. తెలిసినా గబుక్కున మళ్లీ సీట్లోకి ఎక్కేశాను. అప్పుడు నీ పాత ఉత్తరం గుర్తొచ్చింది. హీటరు మొత్తం తిప్పి, నాలుగు కిటికీలూ దించి, రెండు నిమిషాలు నడిపి, ఇంజను ఆపి జారనిచ్చి, చల్లబడ్డాక మళ్లీ రెండు నిమిషాలు. బయట సున్నా కింద ఇరవై ఆరు, లోపల నాకు చెమటలు. ఒడ్డు చేరేసరికి ఆరుసార్లు ఆగాను. భోజనం ఎవరికీ తప్పలేదు. గంట ఆలస్యమంతే.

తాత ఇప్పుడు హిల్యా వాళ్ల పెరట్లో ఉన్నాడు. నిన్న సాయంత్రం స్క్రూడ్రైవర్ వాటర్ పంపుకి ఆనించి, ఫ్యాను చేత్తో తిప్పి విన్నాను. ఇసుకలో ఇనప పళ్లెం ఈడ్చినట్టుంది. ఇదే శబ్దం నీకు ఫోన్‌లో వినిపించాను. పదేళ్ల పిల్లవాడైనా ఇది బెల్టు కాదని చెబుతాడు.

రాత్రంతా ఆలోచించాను. ఫోన్‌లో నేనేం అడిగినా "ఆఁ, ఆఁ" అన్నావు. "స్టార్టు చేశాం, వినబడుతోందా" అంటే "ఆఁ, నేనూ బాగానే ఉన్నా" అన్నావు. పండక్కి రేడియో పక్కనే కూర్చుని, అది ఆగిపోయినా అటే చూస్తూ కూర్చున్నావు. మేం నవ్వాక ఒక క్షణం ఆగి నవ్వావు. ఆ రోజు వైరు ఈడ్చుకుపోతూ చెయ్యి ఊపావు. మేం అరుస్తున్నది నీకు వినబడలేదు. అవునా, కాదా? ఒక్క ముక్క చాలు, రాయి.

సిర్కా


గోథెన్‌బర్గ్,
17 ఫిబ్రవరి

చెల్లాయికి,

అవును.

ఎడమ చెవి పోయి రెండేళ్లు. కుడిది పోయిన వేసవిలో మొదలై ఇప్పుడు దాదాపు పూర్తిగా. పద్నాలుగేళ్లు రేకులు అచ్చువేసే యంత్రాల మధ్య నిలబడ్డా. మొదట్లో దూది పెట్టుకున్నా, తర్వాత బద్ధకించా. తప్పు నాదే. ఇప్పుడు నన్ను గిడ్డంగిలో పెట్టెలు సర్దే పనికి మార్చారు. పని బాగానే ఉందని నీకు రాసింది దీని గురించే.

ఆ రోజు మీరిద్దరూ మెట్ల మీద చేతులు ఊపుతుంటే టాటా చెబుతున్నారనుకున్నా. సంతోషం కూడా వేసింది. మన ఇంట్లో ఎవరూ ఎవరికీ టాటా చెప్పరు కదా, మారారు అనుకున్నా.

ఫోన్‌లో ఏదో గుర్రుమనడం మాత్రం అందింది. తెలియలేదు అని చెప్పడానికి నోరు రాలేదు. ఇంజను వినలేనివాడు మెకానిక్ ఏమిటి, సిర్కా? ఊహించి రాశా. నేనే రాసిన మాటని నేనే మరిచి రాశా. దాని ఫలితం నువ్వు నడి సరస్సులో అనుభవించావు. ఏమైనా అయి ఉంటే నేను ఏ మొహంతో బతికేవాణ్ణి?

ఒక్కటి మాత్రం నమ్ము. పందిపిల్ల అన్నావు చూడు, కఫం ఉమ్మలేని ముసలాడు అన్నావు చూడు, అవి నాకు వినబడ్డాయి. గదిలో కూర్చుని పైకి చదువుకునేవాణ్ణి. నా గొంతు నాకు వినబడకపోయినా ఇంజను వినబడేది. ఈ ఏడాదిలో నేను విన్న ఇంజన్లు అవే. అందుకే శబ్దం రాసి పంపమన్నా.

ఇక నీ ఇష్టం. పట్నం గ్యారేజీ అతన్నే అడుగు.

తైస్తో


కోలి,
24 ఫిబ్రవరి

మొద్దు అన్నయ్యకి,

ముందు తిట్టనీ. మొద్దు! మొండి! దొరబాబు! అయిపోయింది.

ఏడ్చాను కూడా. హిల్యా ముసలావిడకి స్నానం చేయించడానికి వెళ్లి, ఆవిడ తువ్వాలుతోనే మొహం తుడుచుకున్నా. సంగతి విని ఆవిడ ఏమందో తెలుసా? "చెవుడుకి ఇంత గొడవేమిటే? నాకు పదేళ్లనించీ ఉంది, నువ్వు చెప్పేదాంట్లో సగం వినబడదు, ఏం నష్టపోయానని?" అంది.

మన మనుషుల మధ్య చెవుడు దాచుకోవడం ఏమంత గొప్ప పని? పండగ మూడు రోజులూ కలిపి మనిషికి పది మాటలు మాట్లాడి ఉంటాం. నిన్ను ఒక్క ప్రశ్న వేసి, జవాబు కోసం మొహంలోకి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. చూడకపోవడం నా తప్పు. ఇకనించి చూస్తా.

గ్యారేజీ అతన్ని అడగను. వాటర్ పంపు మార్చడం ఎలాగో నువ్వే రాయి. శబ్దం నేను రాస్తా, మందు నువ్వు చెప్పు. మనకి గురి తప్పింది ఒక్కసారే, అదీ నేను రాయకుండా ఫోన్ పట్టుకున్నప్పుడు.

అంతదాకా పని ఆగలేదు. రోజూ స్కీ చెక్కలు కట్టుకుని సరస్సు దాటుతున్నా, భోజనం వీపు మీద. ఒస్మో సగం దారి సామాను మోస్తున్నాడు. నా తొడలు ఇప్పుడు చూస్తే నువ్వు భయపడతావు. కానీ ఏప్రిల్లో మంచు విరుగుతుంది. అప్పుడు కారు లేకపోతే ఉద్యోగం లేదు. తనిఖీ మార్చి ఇరవై తొమ్మిదిన. త్వరగా రాయి.

సిర్కా


గోథెన్‌బర్గ్,
4 మార్చి

చెల్లాయికి,

పార్సిల్ విడిగా వస్తోంది. ఇక్కడ పాత కార్ల దిబ్బలో తాతకి తమ్ముడు దొరికాడు, ఎర్రవాడు. వాడి పంపు విప్పి తెచ్చా. వేళ్లతో తిప్పి చూశా. బేరింగు గరుకుగా ఉంటే చేతికే తెలుస్తుంది. చెవి అక్కర్లేదని ఈ వయసులో కనిపెట్టా. నున్నగా తిరుగుతోంది. బెల్టు మాత్రం కొత్తది కొన్నా.

విప్పే వరస అయిదు కాగితాల మీద బొమ్మలు గీసి పెట్టా. నాలుగు బోల్టుల్లో కింది ఎడమది తుప్పు పట్టి ఉంటుంది. బలవంతం చేస్తే తల తెగుతుంది, ముందురోజే నూనె పోసి ఉంచు. పంపుకీ ఇంజనుకీ మధ్య అట్ట ఉండాలి. కొనక్కర్లేదు. వడ్రంగం వచ్చిన మనిషి ఇంట్లో ఉన్నాడు కదా, పాత పంపు అంచు మీద పెన్సిలుతో గీసి, కాఫీ డబ్బా అట్ట కత్తిరించి గ్రీజు రాయమను. వాడి చెయ్యి నిఖార్సైనది.

బెల్టు ఎంత బిగించాలో రాయను. నీకు తెలుసు.

తైస్తో


కోలి,
30 మార్చి

అన్నయ్యా!

నెగ్గాడు! తాత నెగ్గాడు!

కింది ఎడమ బోల్టుకి మూడు రోజులు నూనె పట్టించాం. నాలుగో రోజు పిల్లిలా మెత్తగా వచ్చేసింది. హిల్యా పెరట్లో మంచు తవ్వి, దుప్పటి పరుచుకుని పడుకున్నా. ఒస్మో అట్ట కోశాడు చూడూ, ఫ్యాక్టరీలో కూడా అలా రాదు. ఈసారి మెట్ల మీంచి పాఠాలు లేవు, పక్కనే మోకాళ్ల మీద కూర్చుని లాంతరు పట్టుకున్నాడు. ముసలావిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. స్టార్టు అయ్యేసరికి "పందెం ఇంకా ఉందే!" అని అరిచింది.

తనిఖీ ఆయన గురించి చెప్పాలి. పొడుగాటి మనిషి, మొహం మీద నవ్వు మొలిచిన ఆనవాలు లేదు. తాత చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఇంకా తిరుగుతోందా?" అన్నాడు.

"తిరగడమే కాదు, నాకు జీతం తెస్తోంది" అన్నా.

బ్రేకులు చూశాడు, దీపాలు చూశాడు, కింద దూరి సుత్తితో అంగుళం అంగుళం తట్టాడు. పైకి లేచి బానెట్ ఎత్తి, బొటనవేలితో బెల్టు నొక్కాడు. సరిగ్గా ఒక వేలి మందం.

"ఏ గ్యారేజీ?"

"మాదే. మంచులో దుప్పటి పరిచి."

"ఎవరు నేర్పారు?"

"మా అన్న. ఉత్తరాల్లో."

కాగితం మీద ముద్ర కొట్టి చేతికిచ్చి, "వచ్చే ఏడాది కూడా రా" అన్నాడు. మన దేశంలో ఇంతకన్నా మెచ్చుకోలు ఎవరైనా ఎవరికైనా ఇచ్చారా? బండిలో కూర్చుని తలుపు వేసుకుని, హారన్ మీద మొహం పెట్టి నవ్వాను. అది మోగింది.

అసలు సంగతి ఇది. వరసలో నా వెనక నిలబడ్డ రైతు ఇదంతా విని, తన ట్రక్కు దగ్గరికి లాక్కెళ్లి "కాస్త విని చెప్పు" అన్నాడు. స్క్రూడ్రైవర్ పెట్టి విన్నా. జబ్బు తెలిసింది. ఊళ్లో ఇలాంటి తాతలు ఇరవై మంది ఉన్నారు, పట్నం గ్యారేజీకి పోయే స్తోమత ఎవరికీ లేదు. జబ్బు నేను వినగలను. ఏ బండినైనా విప్పి బాగుచేసే చేతులు నాకు లేవు. అవి నీ దగ్గర పెట్టెలు సర్దుతున్నాయి.

నాన్న కొట్టం ఖాళీగా ఉంది. ఒస్మో దానికి వెడల్పు తలుపు చేస్తున్నాడు, నిన్ను అడగకుండానే. జాలితో పిలుస్తున్నానని అనుకుంటావని తెలుసు. జాలి కాదు. నాకు నువ్వు కావాలి.

సిర్కా


గోథెన్‌బర్గ్,
9 ఏప్రిల్

చెల్లాయికి,

ఉత్తరం నాలుగుసార్లు చదివా. గిడ్డంగిలో చెప్పేశా. మే పన్నెండున బయలుదేరుతున్నా. రెండు షరతులు. మొదటిది, ఎవరూ నా చెవిలో అరవకూడదు, ఏం కావాలన్నా రాసి ఇవ్వాలి. రెండోది, దొరబాబు అన్నవాడి బండి ముట్టను.

తలుపు ఎత్తు కూడా పెంచమను. ట్రక్కులు వస్తాయి.

తైస్తో


కోలి, తాత వైపరు కింద పెట్టిన చీటీ,
9 అక్టోబరు 1994

అన్నయ్యా,

నేను ఇంట్లో హిల్యా ముసలావిడ మందులు సర్దుతున్నా, లోపలికి రాకుండా నువ్వు తాతని తీసుకుని బయలుదేరు. పాల డైరీ దగ్గర ట్రక్కు ఆగిపోయిందట. పొద్దున స్టార్టు చేసి చూశా, కీచులేదు, గరగర లేదు. సరిగ్గా ఏడాదినించీ నీకు జబ్బులే రాస్తున్నా, తాత బాగున్నప్పుడు ఎలా ఉంటాడో ఒక్కసారీ రాయలేదని ఇవాళ గుర్తొచ్చింది. రాస్తున్నా, విను.

చిన్నప్పుడు చలికాలం మనిద్దరం పొయ్యి పక్కన పడుకుని ఉంటే, గోడ అవతల అమ్మ రాట్నం తిప్పుతూ ఉండేది చూడు. అలా ఉంది.

వైరు పీకేశాను. వెళ్లిరా.

సిర్కా